దొరలకు కేటాయించిన మాట

ఆదోనిలో అధికారి ఎవరికైనా బదిలీ అయిందంటే పూలదండలు కట్టేవాళ్లకూ, జహంగీర్ ప్రెస్సుకూ, నాకూ చేతినిండా పని పడేది. నా పేరు ఇంద్రసేనయ్య. బి.ఏ. ప్యాసై హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నా ఇంగ్లీషుతో పిల్లలకు పెద్దగా పని లేదు, పరీక్షలో వచ్చే నాలుగు ప్రశ్నలు చెబితే వాళ్లకు చాలు. అది నిజంగా కావలసింది పత్తి వ్యాపారులకు, ధాన్యం మండీల వాళ్లకు. వాళ్లంతా కలిసి సన్మాన కమిటీ అని ఒకటి పెట్టుకున్నారు. దామోదరం శెట్టి దానికి అధ్యక్షుడు.

వచ్చే అధికారికి స్వాగత పత్రం, పోయే అధికారికి వీడ్కోలు పత్రం. రెండూ ఇంగ్లీషులోనే ఉండాలి. పసుప్పచ్చ పట్టుగుడ్డ మీద బంగారు రంగు అక్షరాలతో అచ్చు వేయించాలి, అద్దం బిగించి ఫ్రేము కట్టించాలి, సభలో నేను లేచి గొంతెత్తి చదవాలి. చదువుతున్నంతసేపూ ఆ అధికారి తల వంచుకుని సిగ్గుపడుతున్నట్టు నటించాలి. ఈ చివరిది కమిటీ పెట్టిన నియమం కాదు గాని, తప్పినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. ఇందుకు ప్రతిఫలంగా నాకు మొదటి వరుసలో కుర్చీ ఇచ్చేవాళ్లు. నేను దానికే మురిసిపోయేవాణ్ణి.

కర్నూలు రాజధాని అయ్యాక ఈ బదిలీలు మరీ ఎక్కువయ్యాయి. వచ్చినవాడి పేరు మా నోట పట్టేలోపల వాడు పోయేవాడు. ప్రతిసారీ కొత్త పత్రం రాసే ఓపిక నాకు లేదు, కొత్తగా చెప్పడానికి వాళ్లలోనూ ఏమీ లేదు. అందుకని జహంగీర్ ఆ పత్రం తాలూకు సీసపు అక్షరాలను విడదీయకుండా పురికొసతో బిగించి కట్టి, అలాగే అరలో పెట్టుకునేవాడు. అవసరం వచ్చినప్పుడు దించి, పేరూ హోదా, వాటితోపాటు ఒక్క క్రియా మార్చేవాళ్లం.

ఆ క్రియ సంగతి కొంచెం చెప్పాలి. ఒక గుణానికి గాని, వృత్తికి గాని ఫలానా మనిషి అసలైన ఉదాహరణ అని చెప్పడానికి ఇంగ్లీషులో బోలెడు క్రియలున్నాయి. రిప్రజెంట్ అనొచ్చు, ఎగ్జెంప్లిఫై అనొచ్చు, ఎంబడీ అనొచ్చు, ఎపిటమైజ్ అనొచ్చు. నిఘంటువులో వీటి మధ్య హోదాల తేడా ఏమీ లేదు. ఆదోనిలో ఉండేది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు స్థాయి వాళ్లకు రిప్రజెంట్‌తో సరిపెట్టేవాళ్లం. తహశీల్దారుకు ఎగ్జెంప్లిఫై. డిప్యూటీ కలెక్టరుకు ఎంబడీ. ఎపిటమైజ్ అన్నది కలెక్టరుకు, ఆ పైవాళ్లకు మాత్రమే. ఈ వరుసను నేనే పెట్టాను. మొదట్లో ఏదో తమాషాకు చేసిన పని అది, రెండేళ్లు తిరిగేసరికి ఊళ్లో చట్టమైపోయింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని దామోదరం శెట్టికి కూడా ఎవరికి ఏ మాటో కంఠతా వచ్చు.

ఇంకో క్రియ ఉంది, టిపిఫై అని. ఒకసారి ఒక తహశీల్దారుకు వేశాను. ఆ జాతిలో అందరూ ఎలా ఉంటారో ఈయనా అలాగే ఉంటాడు అని దాని భావం. తహశీల్దారు నిఘంటువు తీసి చూసుకుని, పత్రం తిప్పి పంపించాడు. అధికారుల్లో చాలామందికి సరిగ్గా సరిపోయే మాట అదొక్కటే. ఆ తర్వాత ఎవరికీ వాడలేదు.

చంద్రమౌళి గారు మాకు డిప్యూటీ కలెక్టరుగా పద్నాలుగు నెలలున్నాడు. ఆ పద్నాలుగు నెలల్లో ఆయన చేసిన ముఖ్యమైన పని తీరిక లేనట్టు కనిపించడం. ఎదురుగా ఎవరైనా వచ్చి నిలబడితే కాగితం తిప్పేవాడు. వాళ్లు పోగానే తిప్పిన కాగితాన్ని మళ్లీ ఇటు తిప్పేవాడు. ఆయనకు కర్నూలు బదిలీ అయింది. మామూలు ప్రకారం ఎంబడీ వేయించి అచ్చుకు ఇచ్చాను. సభ రెండు రోజులుందనగా ఆయన ఆఫీసు గుమాస్తా మా ఇంటికొచ్చాడు.

"అయ్యవారూ, దొరవారు ప్రమోషన్ మీద పోతాండారు. ఆ పై మాట వేయిస్తే బాగుంటాదని ఆయప్ప మనసులో ఉండాది" అన్నాడు.

"అది కలెక్టర్లకు కదప్పా" అన్నాను.

"రేపు కాబోతాండేది అదే కదా."

శెట్టిని అడిగితే, "మాటకేముంది అయ్యవారూ, మన గోడౌన్లోంచి ఏమన్నా తీసి ఇస్తాండామా? ఏసేయండి" అన్నాడు. వేసేశాం. 'తన వృత్తిలోని ఉత్తమమైనదంతా మూర్తీభవించిన మహనీయుడు' అని నేను ఆ ఇంగ్లీషు వాక్యం చదువుతుంటే చంద్రమౌళి గారు కళ్లు తుడుచుకున్నాడు. ఫ్రేమును గుడ్డలో చుట్టి, జీపులో తన ఒళ్లోనే పెట్టుకుని వెళ్లాడు.

బజారి నా దగ్గరికి వచ్చింది ఆ మరుసటి యేడు వేసవిలో. ఎమ్మిగనూరులో నేతపని చేస్తాడు, యాభై దాటిన మనిషి. ఆ ఊళ్లో ప్రభుత్వం వాళ్లు నేత నేర్పే కేంద్రం ఒకటి పెడుతున్నారని, అక్కడ ఒక ఉపాధ్యాయుడు కావాలని కబురు వచ్చింది. చదువు లేకపోయినా ఫరవాలేదు, కాని అతని పనితనం గురించి పెద్దమనిషి ఎవరైనా ఇంగ్లీషులో రాసిచ్చిన ఉత్తరం ఉండాలన్నారు. నేతగాడికి ఇంగ్లీషులో యోగ్యతాపత్రం ఎందుకో, దాన్ని చదివి పంచె నేత ఎలా తెలుసుకుంటారో నాకు అర్థం కాలేదు. ఆఫీసులో ఆ నియమం రాసినవాడికీ అర్థమై ఉండదు.

బజారి మా వరండా మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు. కూర్చోవడానికి అంతకన్నా కష్టపడ్డాడు.

"మోకాళ్లు పోయినాయి అయ్యవారూ" అన్నాడు. "పదేండ్లప్పుడు గుంటలో కాళ్లు పెట్టినా. నలభై ఏండ్లు తొక్కినా. ఇప్పుడు దిగితే ఎక్కలేను, ఎక్కితే దిగలేను. ఆ సెంటర్లో అయితే కుర్చీలో కూసుని పిల్లోళ్లకు సెప్పేదంట. సేతులు బాగానే ఉండాయి. కండ్లు బాగానే ఉండాయి. కాళ్లే పనికిరాకుండా పోయినాయి."

గుంట మగ్గం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మగ్గం కింద నేలలో గుంట ఉంటుంది. నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్లు ఆ గుంటలోకి వేలాడేసి తొక్కుడు చెక్కలు తొక్కుతుంటాడు, పొద్దున మొదలుపెడితే వెలుతురు పోయేదాకా. ఈ ఉద్యోగం వస్తే బజారి ఆ గుంటలోంచి బయటపడతాడు. రాకపోతే ఆ మోకాళ్లు మొత్తంగా పడిపోయేదాకా తొక్కుతూనే ఉంటాడు. అంతకుమించి ఆయన నన్ను ఏమీ అడగలేదు.

అధికారుల గురించి రాయడానికి నేను ఏనాడూ వాళ్ల పని చూడలేదు, చూసి ఉంటే రాయలేకపోయేవాణ్ణి. బజారి పని మాత్రం చూడాలనిపించింది. ఆ ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను.

ఆయన వీధి మొదట్లోనే ఒక అరుగు మీద ఇద్దరు గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకడు పంచెను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. "అంత మిడిసిపడొద్దప్పా. ఇదేమన్నా బజారి నేతనా?" అంటున్నాడు. నేసినవాడు పంచె లాక్కుని మడిచేసుకున్నాడు. నాలుగిళ్ల అవతల ఒక ముసలావిడ కోడలికి కొత్త చీర చూపిస్తూ, "సూడు, అచ్చం బజారి నేత మాదిరే ఉండాది" అంటోంది. చీర బజారి నేసింది కాదు. బాగుందని చెప్పడానికి ఆ వీధిలో ఉన్న మాట అది. బాగాలేదని చెప్పడానికీ ఆ మనిషి పేరే వాడుతున్నారు.

నేను అక్కడే నిలబడిపోయాను. పన్నెండేళ్లుగా ఇంగ్లీషు క్రియలను దండల్లాగా కనిపించిన మెడకల్లా వేస్తూ వచ్చాను. వాటికి ఒక అర్థం ఉందని, ఆ అర్థానికి సరిపోయే మనిషి ఒకడు బస్సు దూరంలో ఉన్నాడని నాకు తెలియదు. సిగ్గేసింది. అంతకన్నా సంతోషమేసింది.

ఇంటికెళ్లేసరికి బజారి మగ్గం మీద ఉన్నాడు, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెను విసురుతున్నాడు. పడుగులోని నిలువు పోగుల్లో ఒకటి తెగితే తల కూడా వంచకుండా, వేళ్లతో తడిమి, ఎక్కడ తెగిందో పట్టుకుని ముడేశాడు. వీధిలో విన్నది చెబితే నవ్వాడు.

"ఊరోళ్లకేం పని అయ్యవారూ. మా ఉరుకుందమ్మ పడుగు సరిసెయ్యకపోతే బజారి లేడు, బజారి నేతా లేదు" అన్నాడు. ఉరుకుందమ్మ ఆయన భార్య. ఆమె నాకు మజ్జిగ ఇచ్చి, "ఆ ఉద్యోగం వచ్చేటట్టు రాయండి సామీ, నాకు అదొక్కటే సాలు" అంది.

ఆదోనికి తిరిగొచ్చి బళ్లో ఉన్న టైపు మిషన్ ముందు కూర్చున్నాను. మామూలుగా రాసి ఉండొచ్చు. ఈయన నలభై ఏళ్లుగా నేస్తున్నాడు, ఇంత మంచి నేత నేను చూడలేదు, పిల్లలకు బాగా నేర్పగలడు అంటే సరిపోయేది. కాని నా గుండె పొంగిపోతోంది. గుండె పొంగినప్పుడు నా వేళ్లకు తెలిసిన ఇంగ్లీషు వాక్యం ఒక్కటే. తన వృత్తిలోని ఉత్తమమైనదంతా మూర్తీభవించిన మహనీయుడు అని కొట్టాను. క్రియ దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఎపిటమైజ్ అని కొట్టాను. ఆ మాటను దాని అర్థంలో వాడటం నా జన్మలో అదే మొదటిసారి. ఉత్తరం మడిచి, బజారి నేసిన పంచె ఒకటి జతచేసి, ఆ ఉద్యోగం ఇచ్చే కర్నూలు ఆఫీసుకు పోస్టు చేశాను.

మూడు వారాలకు నాకు కార్డు వచ్చింది. ఉత్తరం విషయమై స్వయంగా వచ్చి కలవమన్నారు. ఉద్యోగం ఖాయమైందనుకుని మంచి చొక్కా వేసుకుని వెళ్లాను.

గదిలో కూర్చుని ఉన్నది చంద్రమౌళి గారు. ఆ ఎంపిక ఇప్పుడు ఆయన చేతిలో పడిందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన కుర్చీ వెనక గోడ మీద, సరిగ్గా తల పైన, మా పసుప్పచ్చ పట్టుగుడ్డ ఫ్రేము మెరుస్తోంది. బల్ల మీద నా ఉత్తరం ఉంది. ఒక వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

"ఏమండీ మాస్టారూ, ఈ వాక్యం మీదేనా?" అన్నాడు.

"నాదేనండి."

"ఇదీ మీదేనా?" తల తిప్పకుండానే బొటనవేలితో వెనక గోడ చూపించాడు. అక్కడ ఏముందో ఆయనకు చూడనక్కర్లేదు, రోజూ చదువుతాడు కాబోలు. "రెండింటికీ ఒక్క అక్షరం తేడా లేదు. నా పేరున్నచోట ఆ నేతగాడి పేరుంది. మా గుమాస్తాలు రెండూ చదివారు. నేను గదిలోకి రాగానే తలలు దించుకుంటున్నారు. ఎందుకు దించుకుంటున్నారో నాకు తెలియదనుకుంటున్నారు."

"ఆయన విషయంలో అది నిజమండి" అన్నాను.

"అంటే?"

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే ఈ కథలో నా గురించి చెప్పుకోవడానికి ఒక్క మంచి సంగతైనా ఉండేది. చెప్పలేదు. చొక్కా కాలరు సర్దుకున్నాను.

చంద్రమౌళి గారు చెడ్డవాడేం కాదు, అదే ఇంకా చిరాకు. పంచెను చేతిలోకి తీసుకుని అంచు నిమిరాడు. "గుడ్డ చాలా బాగుంది. ఇంత బాగా నేసినవాడు ఇంకొకడు రాలేదు. ఉద్యోగం అతనికే ఇవ్వాలని నాకూ ఉంది" అన్నాడు. "కాని ఈ ఉత్తరం ఫైల్లో ఉండగా ఇవ్వలేను. మీరు ఇంకోటి రాయండి. ముందు ఉత్తరంలో ఆ మాట పొరపాటున పడిందని రాయండి. అతను సామాన్యమైన పనివాడు, విధేయుడు అని రాయండి. కింద అతని చేత కూడా సంతకం పెట్టించండి, ఆ వర్ణన తనకు వర్తించదని."

"మరి పనితనం గురించి?" అన్నాను.

ఆయన మళ్లీ పంచె అంచు నిమిరాడు. "ఆ మాట గుడ్డకు వాడుకోండి. గుడ్డకైతే నాకు అభ్యంతరం లేదు. మనిషికి మాత్రం వద్దు."

అక్కడే, ఆ నవ్వుకునే గుమాస్తాల్లో ఒకడి బల్ల మీద కూర్చుని, చెప్పినట్టు రాశాను. ఒక్క తప్పు కూడా లేకుండా రాశాను.

తిరుగు బస్సు ఎమ్మిగనూరు మీదుగానే పోతుంది. దిగాను. ఎండ ఇంకా బాగానే ఉంది. బజారి ఇంటిముందు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఉరుకుందమ్మ ఆయన మోకాళ్లకు ఆముదం రాస్తోంది. నన్ను చూడగానే ఆమె చేతులు తుడుచుకుని లేచింది.

"వచ్చినట్టేనా సామీ?"

"వచ్చినట్టే. ఒక సంతకం పెడితే చాలు" అని కాగితం తీశాను.

బజారి తెలుగులో సంతకం పెట్టగలడు. కలం అందుకుని, "ఏం రాసినారో సెప్పండి, పెడతా" అన్నాడు.

మెత్తగా చెబుదామనుకున్నాను. కాని ఆ మనిషి నా ముఖంలోకే చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మొదటి ఉత్తరంలో ఏం రాశానో, ఆ మాట ఎవరి గోడ మీద వేలాడుతోందో, ఆయనకెందుకు కోపమొచ్చిందో, ఇప్పుడు ఏమని రాశానో అంతా చెప్పాను. "గుడ్డ గురించి మాత్రం గొప్పగానే రాశాను బజారన్నా. నేత అంటే ఇదే అనిపించే గుడ్డ అని" అన్నాను.

"నేత అంటే ఆ బట్టనే."

"అవును."

"నేసినోడు సామాన్యుడు."

నేను తల వంచుకున్నాను.

బజారి నవ్వాడు. కోపంగా కాదు, పిల్లవాడు తప్పు ముడి వేస్తే నవ్వినట్టు నవ్వాడు. "అంటే ఆ బట్ట తనంతట తానే నేసుకునిందన్నమాట. అట్లయితే పిల్లోళ్లకు సెప్పేదానికి నేనెందుకు అయ్యవారూ? ఆ పంచెనే మడతపెట్టి కుర్చీలో కూసోబెట్టమనండి."

కలం నా చేతిలో పెట్టేశాడు.

"పిచ్చి పట్టినాదా నీకు?" ఉరుకుందమ్మ అరిచింది. "ఎవురో ఏదో రాసుకుంటే నీదేం పోతాది? పెట్టు సంతకం. మోకాళ్ల కన్నా ఎక్కువనా ఆ మాట?"

"ఆయప్ప రాసుకున్నది ఆయప్పదేలే. ఎన్నైనా రాసుకోని" అన్నాడు బజారి. "నేను సంతకం పెడితే మాత్రం అది నాదైపోతాది. నా నేత నాది కాదని నేనే సెప్పినట్టయితాది. రేపు పిల్లోళ్ల ముందర ఏ మొగం పెట్టుకుని నాడె ఇసరల్ల?"

ఆమె ఆయన వైపు ఇంకొక్క క్షణం చూసింది. ఈ మనిషి ఇక మారడని ఆమెకు తెలిసిపోయింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఆ పెద్ద మాట నిన్నెవురడిగినారయ్యా?" అంది. అంతసేపూ సామీ అన్న మనిషి. "బాగా నేస్తాడు అని రాస్తే సాలదా? ఈ మనిసికి కాళ్లు పోయినాయి, ఒక కుర్చీ ఇయ్యండి అని రాస్తే సాలదా? దొరలకు రాసేదాన్ని తెచ్చి మా ఇంటి మీద ఏస్తివే."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. బాగా నేస్తాడు అని రాసి ఉంటే ఆయనకు ఉద్యోగం వచ్చి ఉండేదే. పన్నెండేళ్లు అబద్ధాలకు వాడినప్పుడు ఆ మాట ఎవరికీ హాని చేయలేదు, అందరికీ ఫ్రేములు కట్టించి పెట్టింది. ఒక్కసారి నిజానికి వాడేసరికి ఒక ఇంటి ఆధారం పోయింది. ఆ వరుస పెట్టింది నేను. ఆ మాటను దొరలకు కేటాయించింది నేను. చంద్రమౌళి గారికి దాన్ని సొంత ఆస్తిలా చేసి ఒళ్లో పెట్టి పంపించింది కూడా నేనే.

బజారి గోడ పట్టుకుని లేచాడు. "సాలించు. ఆయన మంచికే రాసినాడు" అని భార్యతో అని, నెమ్మదిగా లోపలికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. మగ్గం మీద సగం నేసిన పంచె ఉంది. ఆయన గట్టు మీదికి వంగి, ఒక చెయ్యి మగ్గం గుంజకు ఆనించి, రెండో చెయ్యి నా వైపు చాచాడు.

"పట్టుకోండి అయ్యవారూ. దిగాల" అన్నాడు.

పట్టుకున్నాను. ఆయన బరువంతా నా చేతి మీద పడింది. పళ్లు బిగబట్టి ముందు ఎడమ కాలు దించాడు. కుడి కాలు వంగలేదు. నేను మోకాలి కింద చెయ్యి పెట్టి, ఎత్తి, గుంటలోకి దించాను.